కత్తెర గారి గోడ

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ కత్తెర గారంటారు. మొదట్లో చాటుగా అనేవారు, కొన్నాళ్లకు మొహం మీదే అన్నారు, చివరికి ఆయనే ఫోనెత్తి "కత్తెరని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది. పేజీలు పెట్టడం ఆయన పని. పాతికేళ్లుగా అదే. ఫొటోలో ఎంత ఉంచాలో ఎంత కోయాలో ఒక్క చూపులో తేల్చేస్తాడు. వేదిక మీద పదిమంది నిలబడి ఉంటే కావలసిన ఇద్దర్నీ ఉంచి, మిగతా ఎనిమిది మందినీ నొప్పి తెలియకుండా సాగనంపుతాడు. అలా సాగనంపబడిన పెద్దమనిషి ఒకాయన ఓసారి ఆఫీసుకే వచ్చి, నా భుజం వేసి తల ఎందుకు వదిలేశారండీ అని నిలదీస్తే, ఆ భుజం కూడా తప్పిపోయి పడిందండీ, మన్నించాలి అన్నాడట. ఈ కథ ఆయనే చెప్పుకుంటాడు, ఆయనే నవ్వుకుంటాడు. వినేవాళ్లు టీ తాగుతారు.

ఇంత పదునైన మనిషి నలభై ఏడో ఏట పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ కళ్లజోళ్ల షాపులో కంటి పరీక్షలు చేస్తుంది. దగ్గర చూపు మందగించి అద్దాల కోసం వెళ్లినవాడు, గోడ మీది అక్షరాలు చదవమంటే చదవకుండా, ఆ అక్షరాల మధ్య ఎడం సరిగ్గా లేదని వంక పెట్టాడు. ఆవిడ నవ్వింది. అక్కణ్ణుంచి మొదలైన వ్యవహారం ఏడాది తిరక్కుండా పెళ్లిదాకా వచ్చింది. ఆవిడ మొదటి భర్త మూడేళ్ల క్రితం పోయాడు. పదకొండేళ్ల కూతురు ఉంది. తండ్రి పోయాక, ఆవిడ ఉద్యోగం వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చినప్పుడు, పిల్ల చదువు చెడకూడదని అమ్మమ్మ తన దగ్గరే ఉంచేసుకుంది.

ఇప్పుడు ఆ పిల్ల రాబోతోంది. సెలవుల్లో పది రోజులు ఉండి చూస్తుంది. నచ్చితే ఇక్కడి బళ్లో చేరుతుంది, నచ్చకపోతే అమ్మమ్మ దగ్గరికే వెళ్లిపోతుంది. ఎవరూ బలవంతం చేయకూడదు, బుజ్జగించకూడదు, ముఖ్యంగా కళ్లనీళ్లు పెట్టుకోకూడదు. ఇవన్నీ అమ్మమ్మ పెట్టిన షరతులు. పిల్ల తల్లి అన్నిటికీ ఒప్పుకుంది. ఒప్పుకున్న రోజు నుంచి మాత్రం ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా సగంలో ఆగిపోయి కిటికీలోంచి చూస్తూ నిలబడేది. "దానికి నచ్చాలి. నా చేతుల్లో ఏం లేదు," అంది ఒకసారి, ఎవరూ అడక్కుండానే.

కత్తెర గారికీ పిల్ల ఉండిపోవాలనే ఉంది. ఆ సంగతి పైకి చెప్పే ధైర్యం లేదు. పిల్లని అంతవరకూ నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ కలిపి ఇద్దరి మధ్యా పది పన్నెండు వాక్యాలు నడిచి ఉంటాయి, వాటిలో సగం "బాగున్నావా", "బాగున్నానండి". అయినా ఎందుకో ఆ పిల్ల మాట్లాడే ముందు ఒక్క క్షణం ఆగి, మాటని సరిచూసుకుని వదలడం ఆయనకు తెగ నచ్చింది. ఆఫీసులో ఉన్న పదిమంది ఉపసంపాదకుల్లో ఒక్కడికీ ఆ అలవాటు లేదు.

నచ్చేలా చేయాలంటే ఏం చేయాలి? ఇక్కడే మన కత్తెర గారు పప్పులో కాలేశాడు. పిల్లతో మాట్లాడాలన్న ఆలోచన రాలేదు. గోడ మీద పని మొదలుపెట్టాలన్న ఆలోచన వచ్చింది.

ముందుగదిలో తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడ అది. పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. ఆయన ఒంటరిగా ఉన్నన్నాళ్లూ దాని మీద ఒక కేలండరు, మేకుకు వేలాడే గొడుగు ఉండేవి. ఆవిడ వచ్చాక గొడుగు తలుపు వెనక్కి పోయింది. గోడ బోసిగా ఉందని ఆయన, హాయిగా ఉందని ఆవిడ. ఒక్క మంచి బొమ్మ పెడితే చాలదా అని ఆవిడ అడిగితే, ఆయన ఆవిడని కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పాడు. గోడంటే మొదటి పేజీ. దానికి ఒక ప్రధాన వార్త ఉండాలి, పక్కన బాక్సు ఉండాలి, కింద పేజీ అడుగున నిలబెట్టే యాంకరు కథనం ఉండాలి. రెండంగుళాలు ఖాళీ కనిపిస్తే పాఠకుడు కునుకు తీస్తాడు. ఆవిడ అంతా విని, ఇంట్లో కునుకు తీస్తే తప్పేంటని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ఆయన చెవికెక్కలేదు.

ప్రధాన వార్త పిల్లే. అది ఆయన ఎప్పుడో తేల్చేశాడు. తలుపు తీయగానే నట్టనడుమ తన ఫొటో కనిపిస్తే, ఈ ఇల్లు తనదేనని పిల్లకి చెప్పకుండానే తెలిసిపోతుంది. చుట్టూ ఆవిడవీ పిల్లవీ చిన్నప్పటి ఫొటోలు, బళ్లో వచ్చిన ప్రశంసాపత్రం, రంగురంగుల పింగాణీ పళ్లేలు, సూర్యుడి ఆకారంలో ఒక అద్దం. మొత్తం తొమ్మిది. కాగితం మీద నమూనా గీశాడు, కాలమ్‌లు విడగొట్టాడు, అంగుళాలు వేశాడు. ఆ నమూనా ఆఫీసుకు పట్టుకెళ్లి నలుగురికి చూపించాడు కూడా. ఒకడు అద్దం కొంచెం పైకి జరపమన్నాడు. వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

నమూనా కాగితం మీద ఉన్నంతసేపూ బాగానే ఉంది. డ్రిల్లింగ్ మిషన్ చేతికొచ్చాక ఆయన జాతకం బయటపడింది. మొదటి కన్నం అనుకున్నచోటికి మూడంగుళాలు పక్కన పడింది. రెండోది సరైన చోటే పడింది గాని, లోపల ఇనుప చువ్వ తగిలి వేలెడంత పెచ్చు ఊడింది. మూడోది ఎందుకు పడిందో ఆయనకే తెలియదు. లప్పం పెట్టి పూడిస్తే తెల్లటి మచ్చలు మిగిలాయి, పాత గోడ రంగు లేత పసుపు కదా. ఆ మచ్చల మీద ఏదో ఒకటి తగిలించక తప్పలేదు. తగిలించడానికి మళ్లీ కన్నం కావాలి. ఆ కన్నం కూడా ఆయనే వేయాలి. ఈ లెక్కన తొమ్మిది కాస్తా పదిహేడయ్యాయి. ఆవిడ సాయంత్రం షాపు నుంచి వచ్చి, ఇన్నెందుకండీ అని అడిగితే, నిండుదనం కోసం అని గంభీరంగా చెప్పాడు. ఆవిడ రోజూ మనుషుల కళ్లలోకి లైటు వేసి చూసే మనిషి. ఆయన కళ్లలోకి ఒక నిమిషం చూసి, కాళ్లకింద పడిన సున్నం ఊడ్చుకుపోయింది.

మధ్యలో పెట్టాల్సిన ఫొటో ఒక్కటే మిగిలింది. అది పిల్లనే పంపమన్నాడు. ఆవిడ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈయన పక్కనుంచి అందుకుని, గోడ మీద పెట్టుకోవడానికి నీకు బాగా ఇష్టమైన ఫొటో ఒకటి పంపమ్మా అన్నాడు. అవతల ఒక్క క్షణం ఆగి, "ఏదైనా పరవాలేదా అండి?" అని వినిపించింది. నీ ఇష్టమే, నువ్వు ఏది పంపితే అదే మధ్యలో అన్నాడు కత్తెర గారు. ఇంత ఉదారంగా తను ఏ సంపాదకుడికీ మాటివ్వలేదని ఆ పూటంతా మురిసిపోయాడు.

వారానికి కవరు వచ్చింది. లోపల ఫొటోకి అటూ ఇటూ రెండు అట్టముక్కలు పెట్టి, నాలుగు మూలలా టేపు అంటించి ఉంది. ఉత్తరం లేదు. ఆవిడ షాపులో ఉంది. ఆయన ఒక్కడే విప్పాడు. ఐదేడంగుళాల ఫొటో. పిల్ల సైకిలు మీద కూర్చుని ఉంది, ఏడెనిమిదేళ్లు ఉంటాయి. జుట్టు మొహం మీద పడి, నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందు పన్ను లేదు. కత్తెర గారు ఇన్నేళ్లలో లక్ష ఫొటోలు చూసి ఉంటాడు, ఇలాంటి నవ్వు పదిసార్లు కూడా తగల్లేదు. సంబరంగా ఫ్రేము తీశాడు. వార్త రాకముందే పేజీ గీసుకునే అలవాటు కదా, ఫ్రేము అప్పటికే కొని ఉంచాడు. నల్ల చెక్కతో చదరంగా, చూడముచ్చటగా ఉంది. అటైదు, ఇటైదు. ఫొటో రెండంగుళాలు ఎక్కువైంది.

ఇలాంటి చిక్కులు ఆయనకు రోజుకు నలభై. ఫొటోలో ఎడమ చివర సైకిలు ముందు చక్రం ఉంది. కుడి చివర ఎవరిదో మోచెయ్యి ఉంది. నీలం గళ్ల చొక్కా, మడిచిన చెయ్యి, అంతే. మనిషి లేడు. దారినపోయే దానయ్య ఎవరో ఫొటోలోకి దూరాడనుకున్నాడు. చక్రం కథలో భాగం, మోచెయ్యి కాదు. తేల్చడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. పాత రోజుల్లో, పేజీలు బల్ల మీద జిగురుతో అంటించే కాలంలో వాడిన బ్లేడూ ఇనుప స్కేలూ అటక మీంచి దించాడు. చెయ్యి ఇంకా వణకడం లేదని గర్వపడుతూ ఒక్క గీతలో కోసేశాడు. కోసిన ముక్కనీ, కింద పరిచిన పాత పేపర్నీ కలిపి చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఆ ముక్క వంక రెండోసారి చూడలేదు.

అయ్యాక గోడకి అడ్డంగా దుప్పటి కట్టాడు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి చూడాలని ఆయన ఆశ. నాలుగు రోజులపాటు ఆవిడ ఆ దుప్పటి ముందే కూర్చుని టీ తాగింది, ఒక్కసారీ పైకెత్తి చూడలేదు. అంత సహనం ఉన్న మనిషి గనకే తనని చేసుకుందని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

పిల్ల పొద్దున్న పదిగంటల బస్సుకి వచ్చింది. ఆవిడ వెళ్లి తీసుకొచ్చింది. భుజాన బ్యాగు, చేతిలో నీళ్ల సీసా, మొహంలో ప్రయాణపు మగత. కత్తెర గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాడు. ప్రారంభోత్సవానికి వచ్చిన మంత్రిగారి ఫోజు అది, ఆయన ఎన్నో వందల ఫొటోల్లో కోసి పారేసిన ఫోజు. రెండు మాటలు మాట్లాడదామనుకున్నవాడు అవి మానేసి దుప్పటి లాగాడు. అది సూర్యుడి కిరణానికి చిక్కుకుని రాలేదు. గట్టిగా లాగితే సూర్యుడూ, పక్కనున్న పింగాణీ పళ్లెం ఒకటీ కలిసి కింద పడ్డాయి. పళ్లెం పగిలింది, సూర్యుడు పగల్లేదు. పిల్లకి నవ్వొచ్చినట్టే ఉంది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క నిమిషం అంతా బాగానే ఉంది.

పిల్ల పెంకులు దాటుకుని గోడ దగ్గరికి వెళ్లింది. నల్ల ఫ్రేము ముందు ఆగింది. మునివేళ్ల మీద లేచి చూసింది. ఆయన వెనకనుంచి దాని భుజాలు చూస్తూ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు. పిల్ల వేలు ఎత్తి ఫ్రేము అద్దం కుడి అంచు మీద పెట్టింది. వేలు అక్కడే ఉంచి వెనక్కి తిరిగింది.

"ఇక్కడ నాన్న ఉండాలి కదండి," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఫొటోలో నువ్వొక్కదానివే ఉన్నావు కదమ్మా అన్నాడు.

"మోచెయ్యి ఉండేది."

ఆవిడ వచ్చి ఫొటో చూసింది. చూసి, అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుంది. పిల్ల నీళ్ల సీసా మూత బిగించుకుని, తనకని సర్దిన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కత్తెర గారి కుడిచెయ్యి ఆయనకు తెలియకుండానే గాల్లో కదిలింది. ఆఫీసులో కంప్యూటరు మీద తప్పు కోత పడితే వెనక్కి తిప్పే మీట ఒకటి ఉంటుంది. ఎంత కోసినా అసలు ఫొటో లోపల భద్రంగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ మీట నొక్కి నొక్కి, కోస్తే పోతుందన్న సంగతి ఆ చేతికి మరుపొచ్చింది.

వంటింట్లో ఆవిడ చెప్పింది. పిల్ల తండ్రి ఫొటో స్టూడియో నడిపేవాడు. ఇంట్లో ఉన్న ప్రతి ఫొటోనీ ఆయనే తీశాడు, అందుకే ఇంటి ఫొటోలు వేటిలోనూ ఆయన లేడు. పిల్లా తండ్రీ కలిసి ఉన్నది ఒక్కటే, ఈ సైకిలు ఫొటో. ఆ రోజు కెమెరా ఎదురుకొట్టు మనిషి చేతికిచ్చి మా ఇద్దర్నీ తియ్యవయ్యా అంటే, ఆ మనిషి పిల్లని పెట్టి, తండ్రిని మాత్రం మోచెయ్యి వరకే పట్టి మిగతాది వదిలేశాడు. చూసి అందరూ నవ్వుకున్నారు. మళ్లీ తీయించుకుందాంలే అనుకున్నారు. స్టూడియో అమ్మేసినప్పుడు కెమెరాలు, మెమరీ కార్డులు అన్నీ పోయాయి. వేరే ప్రతి లేదు.

ఇంతా చెప్పి ఆవిడ, "ఆ ఫొటో అది నన్ను కూడా ముట్టుకోనివ్వదండీ. మీకు పంపిందా?" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ ప్రశ్నతో కత్తెర గారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగుసార్లు మాత్రమే చూసిన మనిషిని నమ్మి, ఏదైనా పరవాలేదా అని అడిగి మరీ, తన దగ్గరున్న ఒకే ఒక్కదాన్ని అట్టముక్కల మధ్య పెట్టి పంపింది పిల్ల. ఆ మనిషి దాన్ని రెండు క్షణాల్లో తేల్చేశాడు.

కిందికి దిగి చెత్తడబ్బా దగ్గరికి వెళ్లాడు. చెత్తబండి ఈ నాలుగు రోజుల్లో రెండుసార్లు వచ్చి వెళ్లిందని ఆయనకు తెలుసు. అయినా మూత తీసి చూశాడు. మూడో అంతస్తు ముసలాయన వచ్చి, ఏం పారేసుకున్నారని అడిగితే, మోచెయ్యండీ అన్నాడు. ముసలాయన ఆయన రెండు చేతులూ పరకాయించి చూసి వెళ్లిపోయాడు.

మూడు రోజులు గడిచాయి. పిల్ల అలగలేదు, ఏడవలేదు. అలిగితే సముదాయించవచ్చు. అన్నిటికీ "వద్దండి", "చాలండి" అని మర్యాదగా చెప్పేది. బట్టల బీరువాలో పై అర ఖాళీ చేసి ఉంచితే అందులో ఒక్కటీ పెట్టలేదు. పొద్దున్నే బ్యాగు జిప్పు తీసి ఒక గౌను తీసుకుని, మళ్లీ జిప్పు వేసేసేది. ఆ జిప్పు చప్పుడు వినపడితే ఆవిడ చేతిలో పని ఆగిపోయేది. అమ్మమ్మకు ఇచ్చిన మాట ప్రకారం కళ్లనీళ్లు పెట్టుకోలేదు గాని, షాపులో ఒకావిడకు ఎడమ కంటి నంబరు కుడి కంటికి రాసి ఇచ్చిందట. ఆ షాపులో చేరాక అలా ఎప్పుడూ జరగలేదు.

కత్తెర గారు ఊరుకోలేదు. ఊరుకుని ఉన్నా కొంత పరువు దక్కేది. ఆఫీసులో బొమ్మలు దిద్దే కుర్రవాళ్లున్నారు, తండ్రి వేరే ఫొటో ఉంటే అందులోంచి చెయ్యి తీసి ఇందులో అతికించవచ్చని ఆవిడతో అన్నాడు. "మిగిలిన ఆయన ఫొటోలన్నీ పాస్‌పోర్టు సైజువి. చేతులుండవు. ఎవరి మోచెయ్యి పెడతారు?" అంది ఆవిడ.  అప్పటికే, ఆ పొద్దున్నే ఆయన స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని, నీలం చొక్కా వేసుకుని, అద్దం ముందు తన మోచెయ్యి మడిచి చూసుకున్నాడు. ఏ కోణంలో ఫొటో తీస్తే సరిపోతుందా అని కూడా ఆలోచించాడు. అద్దంలో కనిపించిన మనిషిని చూసి, ఇంతటి దద్దమ్మకి పేజీలు అప్పగించిన పత్రిక ఇంకా ఎలా నడుస్తోందా అని ఆశ్చర్యపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఐదో పేజీ పెడుతున్నాడు. అడుగున, చిన్న అక్షరాల్లో వేయాల్సిన ముక్క ఒకటి వచ్చింది. పైన "సవరణ" అని ఉంది. నిన్నటి సంచికలో ఒకరి పేరుకు బదులు మరొకరి పేరు ప్రచురించాం, పొరపాటుకు చింతిస్తున్నాం. ఇలాంటివి కొన్ని వేలు పెట్టాడు. ఎవరి కంటా పడకుండా ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ రోజు మాత్రం దాన్ని నాలుగుసార్లు చదివాడు. పేజీ పూర్తిచేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాడు. అబద్ధం కూడా కాదు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ ఇంకా షాపులోనే ఉంది. పిల్ల ముందుగదిలో, గోడకి వీపు పెట్టి పుస్తకం చదువుకుంటోంది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, మోకాళ్లు పటపటమన్నాయి. జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. బస్సులో రాసింది, గీతలు అటూ ఇటూ పోయాయి.

సవరణ. ఈ గోడ మీద ప్రచురించిన ఫొటోలో ఒక వ్యక్తి మోచేతిని పొరపాటున తొలగించాం. అందుకు చింతిస్తున్నాం.

పిల్ల చదివింది. చదివి ఒక్క క్షణం ఆగింది.

"తొలగించాం అంటే ఎవరెవరండి?"

పత్రికల్లో అలాగే రాస్తారని, ఎవరు చేసినా మేం అనే అంటారని చెప్పాడు.

"ఎందుకు?"

పాతికేళ్లలో ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు. ఆలోచిస్తే ఒక్కటే జవాబు దొరికింది. "ఎవరు చేశారో తెలియకుండా ఉండటానికమ్మా."

పిల్ల పుస్తకంలో ఉన్న పెన్సిలు తీసి ఇచ్చింది. ఆయన తొలగించాం కొట్టేసి, తొలగించాను అని రాశాడు. పిల్ల కాగితం తీసుకుని మళ్లీ మొదట్నుంచి చదివింది. పొరపాటున అన్న మాట దగ్గర వేలు పెట్టి, చెయ్యి జారి తెగిందా అని అడిగింది. లేదు, స్కేలు పెట్టే కోశానన్నాడు. అయితే పొరపాటున ఎలా అవుతుందని అడిగింది. అందులో కోపం లేదు, లెక్క తప్పితే టీచరు అడిగినట్టు అడిగింది. ఆయన ఆ మాట కొట్టేశాడు. దాని పైన, అక్కర్లేదనుకుని, అని రాశాడు. రాస్తుంటే పెన్సిలు ముక్కు విరిగింది. పిల్ల లేచి గదిలోకి వెళ్లి చెక్కుకుని తెచ్చింది.

"ఒక వ్యక్తి కాదు," అంది. "నాన్న."

దిద్దాడు.

"ఏ చెయ్యి?"

కత్తెర గారికి తెలియదు. గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నీలం గళ్ల చొక్కా గుర్తుంది, చెయ్యి ఏదో గుర్తులేదు. చూస్తే కదా గుర్తుండటానికి. తెలియదమ్మా అని ఒప్పుకున్నాడు.

"కుడి చెయ్యి. దాంతో వెనకనుంచి సీటు పట్టుకున్నాడు. చెయ్యి నా గౌను వెనక ఉంటుంది, అందుకే కనపడదు. నాకు సైకిలు రాదు అప్పటికి. నాన్న పట్టుకున్నాడు కాబట్టే నవ్వుతున్నా."

ఆయనకు ఏడుపొచ్చింది. పెద్దవాడినన్న సిగ్గు కూడా అడ్డురాలేదు. చక్రం కథలో భాగం, మోచెయ్యి కాదు అనుకున్న తన తెలివి గుర్తొచ్చి, తనమీద తనకే రోత పుట్టింది. పిల్ల ఆయన వంక చూడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాక, చింతించడమంటే ఏంటని అడిగింది. బాధపడటమని చెప్పాడు. అయితే అదే రాయండి, అంది.

కొట్టివేతలు ఎక్కువై కాగితం చదవరాకుండా పోయింది. పిల్ల నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం చింపి ఇచ్చింది. ఆయన మొదట్నుంచి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

సవరణ. ఈ ఫొటోలో కుడిపక్కన నాన్న మోచెయ్యి ఉండేది. అమ్మాయి పడిపోకుండా సైకిలు పట్టుకున్న చెయ్యి అది. ఎవరిదని అడగకుండా, అక్కర్లేదనుకుని నేను కోసేశాను. చాలా బాధపడుతున్నాను.

పిల్ల పెదవులు కదుపుతూ చదివింది. ఈసారి దిద్దడానికేమీ దొరికినట్టు లేదు. ఇలాంటివి పేపర్లో ఎక్కడ వేస్తారని అడిగింది. లోపలి పేజీలో, అడుగున, మూలకి వేస్తామని ఉన్నమాట చెప్పాడు. పిల్ల లేచి, మునివేళ్ల మీద నిలబడి నల్ల ఫ్రేము అందుకోబోయింది. మేకు మీంచి ఎత్తేంత అందలేదు. ఆయన తీసి ఇచ్చాడు. వెనక చెక్క ఊడదీసి ఫొటో బయటికి తీశాక, పిల్ల దాన్ని నేల మీద పెట్టింది. కాగితాన్ని నిలువునా మడిచి, కుడిపక్కన, తెగిన అంచుకి ఆనించి పెట్టి చూసింది. ఆ రెండూ పట్టే ఫ్రేము కావాలంది. చదరం వద్దు, పొడుగుది. కొలత తీసుకోండి అంది. ఆయన టేపు తీసి బుద్ధిగా కొలిచాడు. ఒకటికి రెండుసార్లు కొలిచి, అంకె పిల్లకి చూపించి రాసుకున్నాడు.

గోడ మీద మధ్యలో ఉన్న ఖాళీ మేకు చూపించి, ఫ్రేము రాగానే ఇక్కడే పెడతానన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఫొటోనీ కాగితాన్నీ జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది. ఆయన వెనకే వెళ్లాడు. కుర్చీలో బ్యాగు ఉంది, జిప్పు వేసే ఉంది. పిల్ల మంచానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి, ఫొటోని గోడకి ఆనించి పైకీ కిందికీ జరిపి చూసింది. చివరికి తన కళ్లకు తిన్నగా ఒక చోట ఆపింది. ఆయన పెన్సిలు తీసి, అక్కడైతే పెద్దవాళ్లకి మరీ కిందికి అవుతుందేమోనమ్మా, కాస్త పైకి కొట్టనా అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఇక్కడే కొట్టండి," అంది పిల్ల. "నేను పొడుగయ్యాక పైకి జరుపుదాం."

కత్తెర గారు పెన్సిలుతో గుర్తు పెట్టాడు. సరేనమ్మా అన్నాడు, మొహం గోడవైపు నుంచి తిప్పకుండానే.